ఫ్లాస్కు పొయ్యి కాదు!

దుకాణంలో ఫ్లాస్కు కొనేటప్పుడు అందరూ అడిగే ప్రశ్న ఒకటే: "ఇందులో పోసినది ఎన్ని గంటలు వేడిగా ఉంటుంది?" దుకాణదారు పెట్టె మీద అచ్చువేసిన అంకె చూపిస్తాడు. 12 గంటలనో, 24 గంటలనో ఉంటుంది. మనం తృప్తిపడి డబ్బు చెల్లించి వచ్చేస్తాం.

నా ఉద్దేశంలో ఆ ప్రశ్నే సరైనది కాదు. "వేడిగా" అనేది కొలత కాదు. ఒకరికి వేడిగా తోచిన కాఫీ మరొకరికి చల్లారిపోయినట్లు తోస్తుంది. సైన్సు చదువుకునే విద్యార్థి అడగవలసిన ప్రశ్న వేరు: "నేను మూత తీసే వేళకు లోపల ఎన్ని డిగ్రీలు ఉంటుంది?" ఈ రెండు ప్రశ్నల మధ్య తేడా రుచికి మాత్రమే సంబంధించినది కాదు, ఆరోగ్యానికి సంబంధించినది. అదెలాగో చూద్దాం.

చల్లదనం కోసం పుట్టినది

ఫ్లాస్కును మొదట తయారుచేసింది కాఫీ కోసం కాదు. జేమ్స్ డ్యూయార్ అనే స్కాట్లండు శాస్త్రవేత్త లండన్‌లో వాయువులను అతిగా చల్లబరచి ద్రవాలుగా మార్చే ప్రయోగాలు చేసేవాడు. ఆ ద్రవాలు బయటి వేడి తగిలి ఆవిరైపోకుండా ఉండటానికి 1892లో రెండు గోడల గాజుపాత్ర చేయించి, గోడల మధ్య ఉన్న గాలిని తీసివేశాడు. ఆయన దానికి పేటెంటు తీసుకోలేదు. తర్వాత జర్మనీలో దానికి లోహపు తొడుగు వేసి, 1904 నుంచి "థర్మాస్" అనే పేరుతో ఇళ్ళలో వాడుకోవడానికి అమ్మారు. గాజుకు బదులు స్టెయిన్‌లెస్ స్టీలుతో చేసిన ఫ్లాస్కులు ఆ తర్వాత వచ్చాయి.

వేడి ప్రయాణం చేసే దారులు మూడని మీరు పాఠాల్లో చదివారు: వహనం, సంవహనం, వికిరణం. గోడల మధ్య దాదాపు శూన్యం కనుక మొదటి రెండు దారులూ మూసుకుపోతాయి. గోడలకు ఉన్న అద్దంలాంటి మెరుపు వికిరణాన్ని వెనక్కి తిప్పుతుంది. అయితే మెడ దగ్గర రెండు గోడలూ ఒకదానితో ఒకటి కలిసే ఉంటాయి. పైన బిరడా ఉంటుంది. వేడిలో ఎక్కువ భాగం ఆ దారినే పోతుంది.

అంటే ఫ్లాస్కు సన్నని చిల్లి ఉన్న కుండలాంటిది. నీళ్ళు కారడం ఆలస్యమవుతుంది గాని ఆగదు. అది వేడిని పుట్టించదు. మనం ఇచ్చినదాన్ని మెల్లగా పోగొట్టుకుంటుంది, అంతే.

కొంచెం లెక్క వేద్దాం

ఉదయం 7 గంటలకు 90 డిగ్రీల సాంబారు ఫ్లాస్కు నిండా పోశాం. బయట 30 డిగ్రీలు. అంటే లోపల 60 డిగ్రీలు ఎక్కువ ఉంది. ఆ ఎక్కువలో గంటకు నూటికి 5 వంతులు పోతుందని అనుకుందాం. మధ్యాహ్నం 1 గంటకు 60లో సుమారు 44 మిగులుతుంది. సాంబారు 74 డిగ్రీల దగ్గర ఉంటుంది. బాగానే ఉంది.

ఇప్పుడు అదే ఫ్లాస్కులో సగమే పోద్దాం. వేడి పోయే దారి మారలేదు, కాని లోపల దాచిన వేడి సగమే. కనుక ఉష్ణోగ్రత దాదాపు రెండింతల వేగంతో పడిపోతుంది. గంటకు నూటికి 10 వంతుల చొప్పున లెక్క వేస్తే 1 గంటకు మిగిలేది సుమారు 62 డిగ్రీలు. 

ఇక మూడో సంగతి. ఫ్లాస్కు నిండానే పోశాం, కాని పోసే సమయానికే సాంబారు 70 డిగ్రీలకు చల్లారిపోయింది. అప్పుడు మధ్యాహ్నానికి మిగిలేది 59 డిగ్రీలు మాత్రమే. ఫ్లాస్కు అదే, ధర అదే, పెట్టె మీది అంకె అదే. ఫలితాలు మాత్రం మూడు రకాలు.

తోడు పెట్టిన పాలు చెప్పే పాఠం

62కీ 59కీ తేడా ఎంతని మీరు అడగవచ్చు. ఆహారాన్ని పాడుచేసే సూక్ష్మజీవులు సాధారణంగా 5 డిగ్రీల నుంచి 60 డిగ్రీల వరకు పెరుగుతాయి. వేడిగా ఉంచదలచిన ఆహారం 60 డిగ్రీలకు పైనే ఉండాలని చెప్పేది అందుకే. 60 దగ్గర పెరుగుదల చాలా తక్కువే. కాని అక్కడి నుంచి కిందికి దిగేకొద్దీ వాటికి సుఖం ఎక్కువవుతుంది.

చలికాలంలో కొందరు గోరువెచ్చని పాలలో మజ్జిగ చుక్క కలిపి ఫ్లాస్కులో పోసి ఉంచుతారు. కొన్ని గంటల్లో గడ్డపెరుగు తయారు. 40 డిగ్రీల వెచ్చదనంలో పెరుగు బాక్టీరియా హాయిగా పెరిగినందువల్లనే ఇది సాధ్యమైంది. అదే వెచ్చదనంలో పప్పో, మాంసమో, గుడ్డు కూరో ఉంటే ఏమవుతుంది? అక్కడ పెరిగేవి మన స్నేహితులు కాకపోవచ్చు. బియ్యంలో ఉండే బాసిల్లస్ సెరియస్ అనే బాక్టీరియా సిద్ధబీజాలు అన్నం ఉడికినా చావవు. అన్నం గోరువెచ్చగా చాలాసేపు ఉంటే అవి మేలుకొని పెరుగుతాయి. వాంతులు కలిగించే వాటి విషపదార్థం తిరిగి వేడిచేసినా పోదు.

కనుకనే నా అభిప్రాయం ఇది: సరిగా వాడిన ఫ్లాస్కు భోజనానికి రక్షణ, సరిగా వాడని ఫ్లాస్కు సూక్ష్మజీవులకు ఉయ్యాల.

ప్రతి భోజనానికీ ఫ్లాస్కు అవసరమని కూడా నేను అనను. పూర్వం ప్రయాణాలకు పులిహోర కట్టుకుని వెళ్ళేవారు. చింతపండు పులుపు చాలా సూక్ష్మజీవులకు గిట్టదు. పెరుగన్నం సంగతీ అంతే. దాన్ని వెచ్చని ఫ్లాస్కులో పెడితే మరింత పులిసిపోతుంది కూడా. వాటికి మామూలు డబ్బా చాలు. 

కొనేటప్పుడు

రంగులూ బొమ్మలూ చూసే ముందు నాలుగు సంగతులు చూడండి. మొదటిది, గోడల మధ్య ఏముంది? "ఇన్సులేటెడ్" అని రాసినవన్నీ శూన్యం ఉన్నవి కావు. కొన్నిటిలో గాలో, నురగలాంటి ప్లాస్టిక్కో ఉంటుంది. "వాక్యూమ్" అన్న మాట ఉందో లేదో చదవండి. మన దేశంలో ఇంటివాడకపు ఫ్లాస్కుల నాణ్యత గురించి కేంద్ర ప్రభుత్వం 2023లో ఒక ఉత్తర్వు వెలువరించింది. ఐఎస్ఐ ముద్ర కోసం కూడా వెతకండి.

రెండవది, పరిమాణం. ఒక లీటరు ఫ్లాస్కు కొని అర లీటరు పోయడం డబ్బుకూ నష్టమే, వేడికీ నష్టమే. మీకు కావలసినంతే పట్టేది కొనండి. మూడవది, మూతి. మూతి వెడల్పయితే అన్నం తినడానికీ కడగడానికీ వీలు, కాని వేడి త్వరగా పోతుంది. తాగేవాటికి సన్నమూతి మేలు. నాలుగవది, గాజా, స్టీలా? ఇంట్లో బల్ల మీద ఉండేదానికి గాజు చక్కగా పనిచేస్తుంది. బడిసంచిలో మోసేదానికి మాత్రం స్టీలే తగినది. పగిలిన గాజుముక్క అన్నంలో కలిస్తే ఎంత ప్రమాదమో చెప్పనక్కరలేదు.

ఇంటికి తెచ్చాక పెద్దవాళ్ళ సాయంతో మరిగే నీళ్ళు పోసి, మూత బిగించి, పది నిమిషాల తర్వాత పక్కగోడను తాకి చూడండి. మెడ దగ్గర కాస్త వెచ్చగా ఉండటం సహజమే. పక్కగోడే వేడెక్కితే లోపల శూన్యం లేనట్లే. పాత ఫ్లాస్కు ఆయుష్షు తీరిందో లేదో తెలుసుకునేందుకు కూడా ఇదే పరీక్ష.

వాడేటప్పుడు

ఆహారం పెట్టే ముందు ఫ్లాస్కులో వేడినీళ్ళు పోసి అయిదు నిమిషాలు ఉంచి పారబోయండి. లోపలి గోడ 200 గ్రాముల ఉక్కు అనుకోండి. ఉక్కు విశిష్టోష్ణం సుమారు 0.12. 90 డిగ్రీల సాంబారు 250 గ్రాములు అందులో పోస్తే, గోడ వేడెక్కడానికే దాదాపు 5 డిగ్రీలు ఖర్చయిపోతాయి. ఆ ఖర్చు వేడినీళ్ళ చేత పెట్టిద్దాం! గాజు ఫ్లాస్కయితే ముందు గోరువెచ్చని నీళ్ళు, తర్వాత వేడినీళ్ళు పోయాలి. లేకపోతే గాజు చిట్లవచ్చు.

సోడాలాంటి గ్యాసు పానీయాలు పోయకండి. లోపల ఒత్తిడి పెరిగి మూత ఎగిరిపడవచ్చు. స్టీలు ఫ్లాస్కును పొయ్యి మీద పెట్టకండి. సొట్ట పడితే రెండు గోడలూ తాకి వేడికి కొత్త దారి ఏర్పడవచ్చు. బడి నుంచి రాగానే కడగండి. మూతలోని రబ్బరు చుట్టును ఊడదీసి కడగడం మరవకండి. చాలా ఫ్లాస్కుల దుర్వాసన పుట్టేది అక్కడే. వాసన పోకపోతే గోరువెచ్చని నీటిలో కొంచెం వంటసోడా కలిపి పోసి ఉంచి, తర్వాత కడగండి. ఆరబెట్టాక మూత బిగించకుండా దాచండి.

చివరగా ఒక పని అప్పగిస్తున్నాను. బడి ప్రయోగశాలలో 110 డిగ్రీల వరకు చూపే థర్మామీటరు ఉంటుంది. జ్వరం చూసేది దీనికి పనికిరాదు. ఒక రోజు స్నేహితులందరూ తమ ఫ్లాస్కుల్లో మరిగే నీళ్ళు తెచ్చుకోండి. మధ్యాహ్నం వరకు ఎవరూ మూత తీయకూడదు. భోజనం గంట కొట్టగానే ఉపాధ్యాయుని ఎదుట ఒక్కొక్కటి కొలిచి, నల్లబల్ల మీద రాయండి. ఆ నీళ్ళు తాగకండి. 60కి పైన నిలిచినవి ఎన్నో, కింద పడినవి ఎన్నో లెక్కపెట్టండి. ఖరీదైన ఫ్లాస్కు చవకదాని చేతిలో ఓడినా ఆశ్చర్యపోకండి. పెట్టె మీది అంకె అమ్మేవాడిది. నల్లబల్ల మీది అంకె మీరు కొలిచినది. మీ అన్నం విషయంలో రెండవదాన్నే నమ్మండి.