1959లో ఆ కన్నే లేదు

దూరదర్శన్ వార్తల చానెల్ డీడీ న్యూస్ తన చిహ్నం రంగును ఎరుపు నుంచి కాషాయానికి మార్చింది 2024 ఏప్రిల్‌లో. ఆ మార్పు మీద జనం వాదులాడుకుంటున్న రోజుల్లోనే ఒక మాట పుట్టి ఊరూరా తిరిగింది. 1959లో దూరదర్శన్ మొదలైనప్పుడు చిహ్నం కాషాయంలోనే ఉండేదట, ఇప్పుడు ఆ పాతదాన్నే తిరిగి తెచ్చారట. బీదరులో ఒక పెళ్ళి పందిట్లో, బాగా చదువుకున్నవాళ్ళ నోటే ఈ మాట విన్నాను. ఇది శుద్ధ తప్పు.

1959 సెప్టెంబరు 15న ఢిల్లీలో మొదలైంది ప్రయోగాత్మక ప్రసారం. ఆకాశవాణి నీడలో నడిచిన చిన్న పని అది. యునెస్కో ఇచ్చిన 20,000 డాలర్లు, 180 ఫిలిప్స్ సెట్లు, అదీ దాని సంపద. బొమ్మ వచ్చేది నలుపు తెలుపుల్లో. ఆ తెర మీద ఏ రంగు పెట్టినా చూసేవాళ్ళకు బూడిదరంగే. మరి కాషాయం ఎవరి కంటపడింది? మన దేశంలో రంగుల ప్రసారాలు వచ్చింది 1982లో.

రంగు సంగతి అలా ఉంచండి. అప్పటికి కన్నులాంటి ఆ చిహ్నమే పుట్టలేదు. దాన్ని గీసిన దేవాశిష్ భట్టాచార్య అహ్మదాబాదు జాతీయ డిజైన్ సంస్థలో విద్యార్థి. ఆ సంస్థ ఏర్పడిందే 1961లో. ఇందిరాగాంధీ ముందు పెట్టిన నమూనాల్లోంచి ఆమె ఈయన గీసినదాన్ని ఎంచుకున్నారు. అదే సంస్థకు చెందిన ఆర్.ఎల్. మిస్త్రీ ఆ బొమ్మ ప్రతులను కెమెరా కింద తిప్పుతూ కదిలే రూపం ఇచ్చారు. పండిట్ రవిశంకర్, షెహనాయి విద్వాంసుడు అలీ అహ్మద్ హుస్సేన్ ఖాన్ కలిసి బాణీ కట్టారు. 1976 ఏప్రిల్ 1న ఆకాశవాణి నుంచి విడివడిన దూరదర్శన్ ఈ కన్నుతో, ఈ బాణీతో జనం ముందుకు వచ్చింది.

అప్పట్లో మా ఇంట్లో ఉన్నది నలుపు తెలుపు సెట్టే. మిద్దె మీద ఇనుప గొట్టానికి కట్టిన యాంటెన్నాను హైదరాబాదు వైపు తిప్పితే తెలుగు, కలబురగి వైపు తిప్పితే కన్నడ. నేను పైనుంచి తిప్పుతుంటే అమ్మ కింది నుంచి "వచ్చింది, వచ్చింది, ఇంక కదపకు" అని కేకేసేది. తెరంతా చుక్కలు ముసిరినా, గుండ్రంగా తిరుగుతూ వచ్చి అతుక్కునే ఆ రెండు వంపులను ఇట్టే పోల్చుకునేవాళ్ళం. మా బిద్రీ పనివాళ్ళు జింకు, రాగి కలిపి పోసిన పాత్ర మీద వెండి తీగ పొదిగి, కోట మట్టిని నవాసాగరంతో కలిపి కాచిన నీళ్ళలో ముంచుతారు. పాత్ర నల్లబడుతుంది, వెండి గీత మాత్రం తెల్లగా తేలుతుంది. ఆ కన్ను కూడా నాకు అలాంటి పనితనంగానే కనిపిస్తుంది. రంగు ఆసరా లేకుండా గీత ఒక్కటే నిలబడాలి. నిలబడింది.

కాషాయాన్ని వ్యతిరేకించేవాళ్ళలోనూ కొందరు ఒక పొరపాటు మాట అంటున్నారు, 1976 నుంచి ఎవరూ ఆ చిహ్నాన్ని ముట్టుకోలేదని. 2014 నవంబరులోనే దూరదర్శన్ గులాబీ, ఊదా రంగులు పూసుకుంది. 2017లో కొత్త చిహ్నం కావాలని పోటీ పెడితే వేల నమూనాలు వచ్చాయి, చివరికి పాతదే ఉండిపోయింది. కాబట్టి అడగవలసింది ఇప్పుడు ఈ రంగే ఎందుకని. దూరదర్శన్‌ను నడిపే ప్రసార భారతి ముఖ్య కార్యనిర్వహణాధికారి గౌరవ్ ద్వివేది దానికి ఒక జవాబు చెప్పారు, అది నారింజ రంగు, చూపుకు ఇంపుగా ఉండాలని పెట్టామని. నాకు ఆ జవాబు చాలదు. అయినా అది ఇవాళ్టి నిర్ణయాన్ని ఇవాళ్టిదిగా ఒప్పుకున్న మాట.

ప్రైవేటు చానెళ్ళు ఇంతకంటే పెద్ద మార్పులే చేశాయి. రామోజీరావు 2000 డిసెంబరులో మొదలుపెట్టిన ఈటీవీ కన్నడ 2015లో కలర్స్ కన్నడ అయింది. పేరూ పోయింది, గుర్తూ పోయింది. మా వీధి ఆడవాళ్ళు ఆ తరువాత కూడా చాలాకాలం ఈటీవీ అనే అన్నారు. కొత్త యజమానులు కొత్త పేరు పెట్టామనే చెప్పారు, దానికి పాత చరిత్రను అతికించలేదు.

ఇంత చిన్నదానికి ఇంత రాద్ధాంతమా అని మిత్రులు అడిగారు. 1959 అని రాసిన మరుక్షణం ఆ కన్ను గీసిన విద్యార్థి చరిత్రలో లేకుండా పోతాడు. మిస్త్రీ శ్రమ పోతుంది, రవిశంకర్ బాణీకి సందర్భం పోతుంది. ఎవరూ గీయకుండానే ఆకాశం నుంచి ఊడిపడ్డట్టు ఆ చిహ్నం మిగులుతుంది. ఈ మాట ఇంకా ఎక్కడ రాసి ఉన్నా దిద్దండి. సంవత్సరం 1976. రంగులు నలుపు, తెలుపు. గీసినవాడి పేరు దేవాశిష్ భట్టాచార్య.