రాత్రి చలిలో పెట్టిన స్పీడు

పోయిన నెల ఈ పేజీలో పెన్షనుకి లైఫ్ సర్టిఫికెట్ ఎట్ల ఇయ్యాలో రాసినాను. ఈ నెల కంప్యూటరు సంగతి రాస్తా ఉండాను. నవ్వకండి. ఐదో తరగతి దాకా చదివి, ముప్పై రెండేండ్లు స్పిన్నింగులో నిలబడిన ముసలోనికి కంప్యూటరుతో ఏం పని అంటారు. నేను రాసేది స్పీడు సంగతి. అది మన మిల్లోళ్లకి తెలిసినంత ఇంకెవరికీ తెలీదు.

మా కూతురి కొడుకు కృష్ణగిరిలో పాలిటెక్నిక్ చదువుతా ఉండాడు. సెలవుల్లోనూ రాత్రిళ్లూ ఒక స్టూడియోకి పెండ్లి వీడియోలు కత్తిరించి, పాటలు కలిపి ఇస్తాడు. వాని బస్సు చార్జీ, పుస్తకాలు, ఫోను ఖర్చు అన్నీ ఆ డబ్బులోనే. కంప్యూటరు మా ఇంటామె చీటీ డబ్బుతో కొన్నాము. బెంగుళూరు ఎస్.పి. రోడ్డులో సెకండ్ హ్యాండు. అక్కడి నుంచి హోసూరుకి 40 కిలోమీటర్లు, బస్సులో ఒళ్లో పెట్టుకొని తెచ్చినాము. దాంట్లో ఉండే ప్రాసెసర్ ఏఎండీ కంపెనీ రైజెన్ 5 2600. 2018లో వచ్చిన మోడలు, లోపల ఆరు కోర్లు.

సంక్రాంతి సెలవులకి వాడు ఆ పెట్టెను ఎత్తుకొని మా ఇంటికి వచ్చినాడు. ఒక వీడియో పూర్తిగా తయారు కావడానికి 40 నిమిషాలు పడతా ఉంది. అంతసేపూ ఊరికే కూర్చోవాల. "తాతా, దీన్ని ఓవర్‌క్లాకింగ్ చేస్తాను" అన్నాడు.

"ఏందిరా అది?"

"కంపెనీవాడు పెట్టిన స్పీడు కంటే మనం ఎక్కువ పెట్టుకునేది తాతా."

వాడు చెప్పిన లెక్క ఇది. కంప్యూటరు లోపల సెకనుకి 10 కోట్ల టిక్కులు కొట్టే గడియారం ఒకటి ఉంటుంది. ప్రాసెసర్ దాన్ని 34తో గుణించుకుంటుంది. 340 కోట్లు. దాన్నే 3.4 గిగాహెర్ట్జ్ అంటారు. పని పడితే అది తనంత తానే కొంచెం పైకి పోతుంది. ఒకట్రెండు కోర్ల పనైతే 39 దాకా, ఆరు కోర్లూ పని చేస్తే అంతకంటే తక్కువ. మనం ఆ అంకెను చేత్తో మార్చి ఆరు కోర్లనీ ఒకే స్పీడులో నిలబెట్టేదే ఓవర్‌క్లాకింగ్.

నాకు వెంటనే అర్థమాయె. రింగ్ ఫ్రేములో మోటారు స్పీడు ఒకటే. పుల్లీ మారిస్తే స్పిండిల్ స్పీడు మారుతుంది. ఈ 34 అనేది పుల్లీ.

"అయితే పోగు తెగదా?" అని అడిగినాను.

"తెగుతుంది తాతా. కంప్యూటరులో దాన్ని క్రాష్ అంటారు" అన్నాడు.

ఎందుకు తెగుతుందో కూడా చెప్పినాడు. ప్రతి టిక్కుకీ లోపల లెక్కలేనన్ని స్విచ్చులు మారాల. స్పీడు పెంచితే వాటికి టైము చాలదు, లెక్క తప్పుతుంది. టైముకి మారాలంటే వోల్టేజి రవ్వంత పెంచాల. వోల్టేజి పెంచితే వేడి పెరుగుతుంది. అది కూడా సమానంగా పెరగదు. వోల్టేజి 10 శాతం పెంచితే వేడి 21 శాతం పెరుగుతుంది. స్పీడు పెరిగినందుకు వచ్చే వేడి దానికి తోడు. మన ట్రావలర్ సంగతీ ఇంతే గదా. రింగు మీద సెకనుకి 40 మీటర్ల దగ్గరికి వచ్చేసరికి ఆ సన్న ఇనుప ముక్క రాపిడి వేడికి కాలిపోతుంది. ఎంత కొత్త ఫ్రేము తెచ్చినా దాన్ని ఆపేది ఆ వేడే.

అందుకే స్పీడు ముట్టుకునే ముందు మూత ఇప్పమన్నాను. ఇప్పితే, మన డిపార్టుమెంటులో మోటారు మీద పేరుకున్న దూది మాదిరి దుమ్ము. ఫ్యాను రెక్కలకీ, హీట్ సింకు సందుల్లోనూ అదే. ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాల. ఈ రకం ప్రాసెసర్‌కి కింద సన్న పిన్నులు ఉంటాయి. హీట్ సింకుని గబుక్కున పైకి లాగితే ప్రాసెసర్ కూడా ఊడి వస్తుంది, పిన్నులు వంగుతాయి. కంప్యూటరు కాసేపు నడిపి, ఆపి, ప్లగ్గు పీకి, కొంచెం వెచ్చగా ఉన్నప్పుడే స్క్రూలు ఇప్పి, మెల్లగా అటూ ఇటూ తిప్పి తియ్యాల. మధ్యలో ఉండే పాత పేస్టు ఎండిన సున్నం మాదిరి ఉండాది. దాన్ని స్పిరిట్టుతో తుడిచి, కొత్త థర్మల్ పేస్టు కందిగింజంత పెట్టినాము.

మూత వేసి, ఆరు కోర్లకీ పూర్తి పని పెట్టి చూస్తే, ముందు 88 డిగ్రీలు చూపించినది 72కి దిగింది. స్పీడు ఒక్క అంకె కూడా పెంచకముందే.

ఆనక బయోస్ తెరిచినాడు. అంతా ఇంగ్లీషు. నాకు అంకెలు చాలు. 36 పెట్టి పావు గంట పూర్తి పని ఇచ్చి చూసినాడు. నిలబడింది. 37, నిలబడింది. 38కి వోల్టేజి రవ్వంత పెంచినాడు, నిలబడింది.

"చాలు తాతా" అన్నాడు వాడు.

నేను వినలేదు. పనిలో నుంచి వచ్చేసి ఐదేండ్లు దాటింది. ఒక యంత్రం ముందు కూర్చొని, అంకె పెంచి, చెవి పెట్టి వినే సుఖం ఎన్నాళ్లకో దొరికింది. "ఇంకోటి చూడరా" అన్నాను. 39. వోల్టేజి 1.275. వేడి 78. నిలబడింది. 40 నిమిషాల పని 37 నిమిషాలకి వచ్చింది. "41 పెట్టు" అన్నాను.

స్క్రీను నల్లగా అయిపోయింది. ఫ్యాను తిరగతా ఉంది, బొమ్మ లేదు. పది నిమిషాలు చూసినాము. మా ఇంటామె వంటింట్లో నుంచి వచ్చి, ఆ నల్ల స్క్రీనూ మా ముఖాలూ చూసి, ఏమీ అడగకుండా లోపలికి పోయింది. అది ఆమె చీటీ డబ్బు. నా గొంతులో తడి ఆరిపోయింది.

మావాడు మాత్రం బెదరలేదు. ప్లగ్గు పీకినాడు. బోర్డు మీద గడియారం బిళ్ల మాదిరి ఒక బ్యాటరీ ఉంటుంది, దాన్ని తీసి పది నిమిషాలు పక్కన పెట్టినాడు. మళ్లీ పెట్టి ఆన్ చేస్తే బొమ్మ వచ్చింది. బోర్డు మనం పెట్టిన అంకెలన్నీ మరిచిపోయి, కంపెనీ స్పీడుకి తిరిగి వచ్చింది. తారీకు కూడా మరిచిపోయి ఎప్పటిదో పాత సంవత్సరం చూపించింది. ఇది తెలియక ఎంతోమంది బోర్డే పోయిందని కొత్తది కొంటారంట.

"38 పెట్టుకొని వదిలేద్దాం తాతా" అన్నాడు. "39 నిలబడింది గదరా, ఉండనీ" అన్నాను. రాత్రంతా పని ఇచ్చి పెట్టినాము. తెల్లారి లేచి చూస్తే నడస్తానే ఉంది. జనవరి నెల, హోసూరు చలి. మా రూములో 20 డిగ్రీలు.

ఏప్రిల్లో ఒక రోజు మధ్యాన్నం ఫోను వచ్చింది. వాని గొంతు సన్నగా ఉంది. సాయంత్రానికి ఇయ్యాల్సిన పెండ్లి వీడియో. ముందు కంప్యూటరు తానే స్పీడు తగ్గించుకొని ఈడ్చుకుంటా నడిచింది, ఆనక టక్కున ఆగిపోయింది. మళ్లీ పెడితే మళ్లీ ఆగిపోయింది. అట్ల నాలుగు సార్లు. చెప్పిన టైముకి ఇయ్యలేకపోయినాడు. స్టూడియోవాళ్లు ఆ పని వేరేవాళ్లకి ఇచ్చేసినారు. ఆ తరవాత వచ్చే రెండు పెండ్లిండ్లు కూడా.

"రూములో ఎంత వేడిరా?" అని అడిగినాను. మా కూతురిది రేకుల ఇల్లు. "39 తాతా."

వేలు మడిచి లెక్క వేసినాను. హోసూరు ఎత్తు మీద ఉండాది, కృష్ణగిరి దిగువన. 50 కిలోమీటర్ల దూరంలో గాలే వేరే. రూములో వేడి ఎన్ని డిగ్రీలు పెరిగితే ప్రాసెసర్ వేడి కూడా ఇంచుమించు అన్ని డిగ్రీలు పెరుగుతుంది. 20 నుంచి 39కి 19 డిగ్రీలు. 78కి 19 కలిపితే 97. ఈ ప్రాసెసర్‌కి కంపెనీ పెట్టిన హద్దు 95. రెండు డిగ్రీలు. నేను అడిగిన ఆ ఒక్క మెట్టు.

ఫోను పెట్టేసి ఇంటామెకి చెప్పినాను. ఆమె బియ్యం ఏరతా ఉంది. తల ఎత్తకుండానే అనింది: "ఇప్పుడు నువ్వూ మేనేజరు అయినావు."

ఆమె ఆ మాట ఎందుకు అనిందో మీకు చెప్పాల. ఇన్నేండ్లలో ఈ పేజీలో నేను రాయని సంగతి అది.

ఆమె కూడా మా మిల్లులోనే సైడరు. ఒక డిసెంబరులో మా ఫ్రేములకి పుల్లీలు మార్చినారు. స్పీడు నిలబడుతుందో లేదో చూసేదానికి ట్రయలు పెట్టింది రాత్రి షిఫ్టులో. ఆడోళ్లకి అప్పట్లో రాత్రి షిఫ్టు లేదు. నిలబడింది మేము, మొగోళ్లం. చల్లటి రాత్రి, గాలిలో తేమ బాగుండాది, పోగు తెగడం తక్కువ. తెల్లారి ఆఫీసరు వచ్చి అడిగితే "బాగా పోతా ఉంది సార్" అని చెప్పినోళ్లలో నేనూ ఒకణ్ణి. ఆ మాట మీద స్పీడు ఖాయం చేసినారు.

ఏప్రిల్ వచ్చింది. మధ్యాన్నం ఎండకి గాలి ఎండిపోయి పోగు పెళుసు బారింది. ఒక సైడు అతికి తిరిగేలోపల వెనక సైడులో పది తెగతా ఉండె. ఆ షిఫ్టులో నిలబడింది ఆడోళ్లు. పోగులు చూసుకోలేదని వాళ్లకి మెమోలు ఇచ్చినారు. మా ఇంటామెకి రెండు. వేళ్ల చివర్లు కోసుకుపోయి, అన్నం కలుపుకోలేక స్పూనుతో తినింది. నేను బాగా పోతా ఉంది అన్నానని ఆమెకి తెలుసు. ఆ రోజు ఏమీ అనలేదు. ఇన్నేండ్లకి బియ్యం ఏరతా అనింది.

మర్నాడే నేను హోసూరులో బస్సు ఎక్కి, శూలగిరి మీదుగా కృష్ణగిరికి పోయినాను. ఉదయం పూటే చేరినా బయోస్ తెరవనియ్యలేదు. మధ్యాన్నం రెండు గంటలకి, రేకులు బాగా కాలినప్పుడు కూర్చున్నాము. ఈసారి అంకె వాడే చెప్పాల, నేను నోరు తెరవను అనుకున్నాను. వాడు 37కి దిగినాడు. వోల్టేజి పెంచేదానికి బదులు తగ్గించుకుంటా వచ్చినాడు. పోగు తెగిన చోట ఆగి, రెండు మెట్లు పైకి పోయి, 1.15 దగ్గర నిలబెట్టినాడు. పెట్టెను గోడ మూల నుంచి లాగి కిటికీ పక్కన పెట్టినాము. 38 డిగ్రీల రూములో రెండు గంటలు పూర్తి పని ఇస్తే వేడి 84 దాటలేదు. వీడియోకి 39 నిమిషాలు. ముందు 40.

"ఒక్క నిమిషమే మిగిలింది తాతా" అని నవ్వినాడు. నవ్వినాడు గానీ, పోయిన మూడు పెండ్లిండ్ల డబ్బు పోయినట్టే. ఆ టర్ము ఫీజులో అంత మేర నా పెన్షను నుంచి ఇచ్చినాను. అది సాయం కాదు, నేను కట్టాల్సింది.

ప్రపంచంలో ఈ పనిని పందెంగా చేసేవాళ్లు ఉండారు. 2011లో ఏఎండీ వాళ్లే ఒక ప్రాసెసర్‌ని ద్రవ హీలియం పోసి చల్లబరిచి 8.4 గిగాహెర్ట్జ్ దాటించి గిన్నిస్ రికార్డు కొట్టినారని మావాడు చెప్పినాడు. కాసేపు నిలబడితే చాలు వాళ్లకి. మనకి రోజూ నడవాల.

మీ ఇంట్లో పిల్లోడో పిల్లో ఈ పని చేస్తానంటే వద్దనకండి. నాలుగు సంగతులు చెప్పండి. ఏ320 మాదిరి 'ఏ' అక్షరం బోర్డులో ఇది కుదరదు, బి450, ఎక్స్470 మాదిరి వాటిలో కుదురుతుంది. కొత్త ప్రాసెసర్ అయితే, దీని వల్ల చెడిపోతే వారంటీ రాదు. ముందు దుమ్ము తుడిచి, పేస్టు మార్చి చూడాల, సగం మందికి అదే చాలు. నాలుగోది, పరీక్ష రాత్రి చలిలో పెట్టకూడదు. ఏ ఇంట్లో, ఏ నెలలో, ఏ పొద్దున ఆ యంత్రం నడవాల్నో అక్కడే పెట్టాల. దాని ముందు కూర్చొనేవాళ్లు చాలు అంటే అక్కడే ఆపాల.

మావాడు తెలుగు మాట్లాడతాడు గానీ చదవలేడు, చదివింది తమిళం. అందుకని ఇది పత్రికకి పంపే ముందు వానికి ఫోనులో చదివి వినిపించినాను. రెండు అంకెలు దిద్దినాడు. ఇంటామె కూడా పక్కన కూర్చొని వినింది. మెమోల సంగతి దగ్గర ఆపి, "తీసేయాలా?" అని అడిగినాను.

"ఉండనీ" అనింది.

వచ్చే నెల కలుస్తాను.