ఒకే ఉపగ్రహ చిత్రం.. చేపల వేటకు, పంటకు, మీ ప్లాటుకు ఏం చెబుతుంది?

చెరువు పక్కన ప్లాటు కొనాలనుకుంటున్నారు. ఫోన్‌లో శాటిలైట్ మ్యాప్ తెరిస్తే అక్కడ నీళ్లు కనిపించలేదు. ఇక భయం లేనట్టేనా? కాదు. చిత్రం తీసిన రోజు అక్కడ నీళ్లు లేవు, అంతే. అది చెరువు భూమి కాదని ఆ చిత్రం చెప్పదు.

ఒకప్పుడు పరిశోధకులకే పరిమితమైన ఉపగ్రహ చిత్రాలు ఇప్పుడు అనేక ప్రభుత్వ సేవలకు ఆధారం. సాధనం ఒకటే అయినా ఒక్కో శాఖ దాన్ని ఒక్కో ప్రశ్న అడుగుతుంది. ఆ తేడా తెలిస్తే, వచ్చిన జవాబును ఎంతవరకు నమ్మాలో మీకే అర్థమవుతుంది.

సముద్రంలో చేపలు కనిపిస్తాయా?

కనిపించవు. హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ సంస్థ సముద్ర ఉపరితల ఉష్ణోగ్రతను, నీటిలోని క్లోరోఫిల్‌ను ఉపగ్రహాల ద్వారా గమనిస్తుంది. క్లోరోఫిల్ ఎక్కువగా ఉందంటే, చేపల ఆహార గొలుసుకు మూలమైన సూక్ష్మ మొక్కలు అక్కడ ఉన్నట్టు. దీన్నిబట్టి చేపలు దొరికే అవకాశమున్న ప్రాంతాలను మత్స్యకారులకు తెలియజేస్తుంది. అది అవకాశమే, హామీ కాదు.

పంట ఎలా ఉందో ఎలా తెలుస్తుంది?

ఆరోగ్యంగా ఉన్న ఆకు మన కంటికి కనిపించని సమీప పరారుణ కాంతిని ఎక్కువగా వెనక్కి పంపుతుంది. ఎండిపోతున్న ఆకు తక్కువగా పంపుతుంది. ఈ తేడాతో పైరు స్థితిని అంచనా వేస్తారు. ప్రధానమంత్రి ఫసల్ బీమా యోజనలో 2023 ఖరీఫ్ నుంచి వరి, గోధుమ దిగుబడి లెక్కల్లో ఇలాంటి సాంకేతిక అంచనాలకు కనీసం 30 శాతం వెయిటేజీ ఇచ్చారు. మిగతా లెక్కకు పొలంలో చేసే పంట కోత ప్రయోగాలే ఆధారం. వానాకాలంలో మబ్బులు అడ్డొస్తే మామూలు కెమెరాకు పొలం కనిపించదు. అందుకే మబ్బుల్లోంచి కూడా చూడగల రాడార్ ఉపగ్రహాలు కావాలి. 2025 జులై 30న శ్రీహరికోట నుంచి వెళ్లిన నిసార్ అలాంటిదే.

అడవిలో మంట ఎక్కడ?

ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా హెచ్చరికలకు వాడే వీర్స్ సెన్సర్‌లో ఒక్కో పిక్సెల్ 375 మీటర్లు. అంటే సుమారు 35 ఎకరాలు. మంట అందులో ఎక్కడుందో వెతకాల్సింది అటవీ సిబ్బందే.

మరి ప్లాటు సంగతి?

అసలు చిక్కు ఇక్కడే. ఉచితంగా దొరికే సెంటినెల్-2 చిత్రంలో ఒక్క పిక్సెల్ 10 మీటర్లు, అంటే దాదాపు 120 గజాలు. మన రిసోర్స్‌శాట్ లిస్-3 కెమెరాలో అది 23.5 మీటర్లు, అంటే సుమారు 660 గజాలు. మీ 200 గజాల ప్లాటు అందులో మూడో వంతు కూడా ఉండదు.

2012 నాటి జీవో 168 ప్రకారం 10 హెక్టార్లలోపు చెరువుకు ఎఫ్‌టీఎల్ హద్దు నుంచి 9 మీటర్లు, అంతకుమించిన చెరువుకు 30 మీటర్లు బఫర్ జోన్. తొమ్మిది మీటర్ల హద్దును పది మీటర్ల పిక్సెల్‌తో తేల్చలేం. ఫోన్ మ్యాపుల్లో చిత్రం ఇంకా స్పష్టంగా ఉన్నా, అది నెలల కిందటిదో, ఏళ్ల కిందటిదో కావచ్చు. పైగా ఎఫ్‌టీఎల్ అంటే చెరువు పూర్తిగా నిండినప్పుడు నీరు చేరే మట్టం. దాన్ని నేల మీద సర్వే చేసి నిర్ణయిస్తారు.

అలాగని పాత చిత్రాలు పనికిరావని కాదు. వేర్వేరు ఏళ్లలో వానల తర్వాత తీసినవి పక్కపక్కన పెడితే నీరు ఎంతవరకు వచ్చేదో తెలుస్తుంది. అనుమానం రావడానికి అది చాలు, కొనడానికి చాలదు. హైదరాబాద్ చుట్టుపక్కలైతే హెచ్‌ఎండీఏ చెరువుల వెబ్‌సైట్‌లో ఎఫ్‌టీఎల్ మ్యాపులు చూడండి. తర్వాత సర్వే నంబరుతో నీటిపారుదల, రెవెన్యూ అధికారుల దగ్గర సరిచూసుకోండి.

ఎవరైనా ఉపగ్రహ చిత్రాన్ని రుజువుగా చూపితే మూడు ప్రశ్నలు అడగండి. ఏ తేదీన తీశారు? ఒక్క పిక్సెల్ ఎంత? నేల మీదకు వెళ్లి ఎవరు సరిచూశారు? మూడోదానికి జవాబు లేకపోతే అడ్వాన్సు ఇవ్వకండి.