మెగాపిక్సెళ్ళు సరే, ఊరి ఫొటో ఏదీ?

డిజిటల్ వచ్చాక ఫొటోలు శాశ్వతమైపోయాయని మన సాఫ్ట్‌వేర్ జనాలు తెగ మురిసిపోతుంటారు. నాకైతే ఇది వట్టి భ్రమ అనిపిస్తుంది.

1975లో కోడాక్‌లో స్టీవ్ సాసన్ చేసిన మొదటి డిజిటల్ కెమెరా 0.01 మెగాపిక్సెల్ బొమ్మని 23 సెకండ్లలో క్యాసెట్‌కి ఎక్కించేది. ఆ క్యాసెట్ చదివే యంత్రం ఇప్పుడు మీ ఇంట్లో ఉందా?

అంతకు ముప్పై ఏళ్ళ ముందే, 1940లలో, హైమన్‌డార్ఫ్ ఆదిలాబాద్ అడవుల్లోని మార్లవాయిలో మకాం పెట్టి గోండుల ఫొటోలు తీశాడు. అవి లండన్‌లో సోయాస్ దగ్గర ఇప్పటికీ ఉన్నాయి. నెగటివ్‌కి డ్రైవరూ, పాస్‌వర్డూ అక్కర్లేదు. వెలుతురుకి ఎదురుగా పట్టుకుంటే చాలు.

"ఫిల్ముకి బూజు పట్టదా?" అంటారు. పడుతుంది బాబూ! అందుకే చెప్తున్నా, ఫొటోని కాపాడేది టెక్నాలజీ కాదు, దాచే మనిషి.

ఇటు కరీంనగర్ వైపు చూడండి. మిడ్ మానేరు కింద కొదురుపాక, వరదవెల్లి లాంటి ఊళ్ళు మునిగిపోయాయి. ఆ దర్వాజలు, ఆ అరుగులు ఉంటే గింటే ఏ పాత ఫోన్లోనో, లేవని హార్డ్ డిస్కులోనో ఉండాలి. మళ్ళీ తీసుకుందామంటే ఊరే లేదు.

క్లయింటు డేటాకి మూడు చోట్ల బ్యాకప్ పెడతాం. సొంతూరి ఫొటోకి ఒక్క ప్రింటు వేయించలేమా? వేయించండి. వెనకాల ఊరి పేరు, మనుషుల పేర్లు, సంవత్సరం పెన్సిల్‌తో రాయండి. మెగాపిక్సెళ్ళ గొప్పలు ఆ తర్వాత చెప్పుకుందాం.