ఎర్రపిల్లల గుంపు మీద గాలం వెయ్యొద్దు

హనుమాన్ జంక్షన్ వైపు ఏలూరు కాలువ గట్టున మన కుర్రాళ్ల చేతుల్లో ఇప్పుడు రబ్బరు కప్పలు, బ్రెయిడ్ దారం కనిపిస్తున్నాయి. ఆన్‌లైన్లో కొన్నవే. కొనడం తప్పనను. ముళ్లు పైకి తిరిగిన రబ్బరు కప్ప గుర్రపుడెక్కలో చిక్కుకోదు. బ్రెయిడ్ సాగదు, కొరమీనుని ఆకుల్లోంచి లాగొచ్చు. సన్న నైలాన్ అయితే అక్కడ తెగి, ముల్లు చేప నోట్లోనే ఉండిపోద్ది. శీలావతికి ఇవేం అక్కర్లేదు, తవుడు ముద్ద, చిన్న ముల్లు, బెండు చాలు. జెల్లకి వానపాము.

నా గొడవ వేరే. వానాకాలంలో నీళ్ల మీద ఎర్రగా పిల్లల గుంపు తేలుతుంటే, కింద తల్లో తండ్రో, ఒక్కోసారి రెండూ కాపలా ఉంటాయి. అప్పుడు వాటికి ఆకలి కాదు, కోపం. ఏది పడినా కొరికేస్తాయి. అందుకే రబ్బరు కప్పకి చటుక్కున దొరుకుతాయి, వీడియో కూడా బాగా వస్తది. పోయినేడు నేనూ అలాగే ఒకటి పట్టా. కాపలా పోయాక ఆ పిల్లలన్నీ మిగతా చేపల పాలే.

చెరువులు పాటకి పోయాక మన యానాది ఇళ్లలో చాలావాటికి కూర ఇచ్చేది ఈ కాలువలే. ఎర్ర గుంపు కనిపిస్తే దారం చుట్టేసి ఇంకోచోటికి నడవండి. కాదంటారా? ఎందుకో కింద రాయండి, మాట్లాడుకుందాం.