ఇంటి వస్తువు - చేతి వైద్యం: డయల్లో దీపం ఆరితే

కిందటి సంచికలో గోడ గడియారం గురించి రాశాను. అది చదివి ఒక మిత్రులు అడిగారు: “మా ఇంట్లో పాత స్టీరియో రిసీవరు ఉంది. పాట బాగానే వస్తుంది గాని, డయలు మాత్రం చీకటి. ఈ కాలంలో దానికి బల్బులెక్కడ దొరుకుతాయి? అమ్మేయమంటారా?”

అమ్మకండి. ఎందుకో చెప్పడానికి మా ఇంటి సంగతి ఒకటి చెప్పాలి.

మా చిన్నాన్న 1979లో కువైట్ నుంచి వస్తూ ఒక రిసీవరు తెచ్చి మా నాన్నగారికిచ్చాడు. చెక్కపెట్టె, ముందువైపు వెండిరంగు రేకు, వెనక నుంచి వెలిగే పొడవాటి డయలు. మద్రాసులో ఉంటూ రాత్రిపూట విజయవాడ వినడం నాన్నగారికి అలవాటు. మీడియం వేవు పగటికంటే రాత్రి ఎక్కువ దూరం పోతుందని మనకు తెలిసిందే. 837 కిలోహెర్ట్జ్, అంటే డయలు మీద 800 దాటాక కొంచెం కుడివైపు. అక్కడ ముల్లు ఆపి, కుర్చీ దగ్గరకు లాక్కుని కూర్చునేవారు.

2014లో డయలు దీపాలు ఒక్కొక్కటే పోయాయి. పాట వస్తోంది కదా అని ఎవరమూ పట్టించుకోలేదు. కొన్నాళ్లకు నాన్నగారు రేడియో పెట్టడమే మానేశారు. వయసు కదా, ఆసక్తి తగ్గిందనుకున్నాం. అమ్మ కూడా అలాగే అనుకుంది. ఆరు నెలల తరువాత ఊరికే అడిగాను, “విజయవాడ వినడం లేదేం నాన్నగారూ?” అని.

“ముల్లు కనబడదురా. ఎక్కడ ఆపానో తెలియదు. మీరంతా అలిసిపోయి వస్తారు. రోజూ రాత్రి ఎవర్ని పిలవను?” అన్నారు.

నాకు నోట మాట రాలేదు. ఆ ఆదివారమే పెట్టె విప్పాను.

ముందుగా జాగ్రత్తలు. ప్లగ్గు గోడ నుంచి పూర్తిగా తీసి, కనీసం అరగంట ఆగండి. లోపలి పెద్ద కెపాసిటర్లలో కరెంటు కొంతసేపు నిలిచి ఉంటుంది. మూత విప్పగానే ఏ తీగ ఎక్కడుందో ఫోటో తీసుకోండి. ముల్లును లాగే దారం జోలికి పోకండి. అది కప్పీల మీద నుంచి జారితే మళ్లీ చుట్టడానికి ఒక పూట పడుతుంది.

డయలు వెనక బల్బులు చూస్తే మీరు ఫ్యూజులనుకుంటారు. చిన్న గాజు గొట్టం, రెండు చివరలా లోహపు టోపీలు. ఆ కాలపు మరాంట్జ్, పయనీర్ వంటి చాలా సెట్లలో ఇవే. ఎక్కువగా 8 వోల్టులు, 0.25 లేదా 0.3 ఆంపియరు. పొరపాటున ఆ క్లిప్పుల్లో నిజం ఫ్యూజు పెట్టారా, ట్రాన్స్‌ఫార్మరు చుట్టకు షార్టు పెట్టినట్టే. కాబట్టి దుకాణంలో “ఇలాంటిది” అని నమూనా చూపి ఊరుకోకుండా, “డయలు బల్బు, ఇన్ని వోల్టులు” అని విడమరిచి అడగండి.

బల్బు పోయిందో లేదో మల్టీమీటరు చెబుతుంది. మంచి బల్బు చల్లగా ఉన్నప్పుడు రెండు మూడు ఓములు చూపిస్తుంది, పోయినది ఏమీ చూపదు. గాజు లోపల నల్లబడి ఉంటే టంగ్‌స్టన్ ఆవిరై అంటుకుందని అర్థం. బల్బు బాగుండీ వెలగకపోతే క్లిప్పులకు పట్టిన చిలుమును స్పిరిట్టుతో తుడవండి.

ఆ స్పిరిట్టు డయలు గాజు మీది అంకెలకు మాత్రం తగలనివ్వకండి, రంగు లేచి వస్తుంది. నేను అతిశుభ్రానికి పోయి 1600లో చివరి సున్నా పోగొట్టుకున్నాను. ఇప్పటికీ మా డయలు 160 దగ్గర ముగుస్తుంది.

రిచీ స్ట్రీటులో మొదట ఎల్.ఇ.డి. రకం కొన్నాను. లెక్క ప్రకారం అదే లాభం. పాత బల్బు ఒకటి 8 వోల్టులు, 0.3 ఆంపియరు అంటే 2.4 వాట్లు, ఐదింటికి 12 వాట్లు. అదంతా మూసిన పెట్టెలో వేడి. మా డయలు వెనక వెలుగును పరిచే కాగితం గోధుమరంగుకు తిరిగింది ఆ వేడికే. ఎల్.ఇ.డి.కి ఆ బాధ తక్కువ. కాని తెల్లటి వెలుగు చూసి నాన్నగారు, “ఆపరేషన్ థియేటరులా ఉందిరా, కళ్లు గుచ్చుకుంటున్నాయి” అన్నారు. పైగా మినుకు మినుకుమంటోంది. డయలు బల్బులకు వచ్చేది సాధారణంగా ఏ.సి. కరెంటు కాబట్టి, లోపల రెక్టిఫయరు ఉన్న ఎల్.ఇ.డి. తీసుకోవాలి. రంగు కూడా 2700 నుంచి 3000 కెల్విన్ల పసుపుదై ఉండాలి. ఈ రెండూ నాకు అప్పుడు తెలియవు. “స్టీరియో” అని వెలిగే చిన్న బల్బు సంగతి వేరు. కొన్ని సెట్లలో దాని కరెంటు సర్క్యూటులో భాగం, కాబట్టి దాన్ని తెలియకుండా మార్చకండి.

మళ్లీ వెళ్లి మామూలు బల్బులే తెచ్చాను. బిగించే ముందు క్లిప్పుల దగ్గర వోల్టేజి కొలిచాను. 8 ఉండవలసిన చోట 8.7 ఉంది. ఎందుకా అని చూస్తే, పెట్టె వెనక వోల్టేజి మీట 220 దగ్గర ఉంది, మా వీధిలో వచ్చేది 240. బల్బుకు వోల్టేజి 5 శాతం తగ్గితే ఆయుష్షు దాదాపు రెండింతలవుతుంది. 9 శాతం పెరిగితే మూడో వంతుకు పడిపోతుంది. ఇన్నేళ్లుగా దీపాలను మేమే తొందరపెట్టి కాల్చామన్నమాట. ప్లగ్గు తీసి మీట 240కి మార్చాను. గోధుమరంగు కాగితం తీసేసి, అదే కొలతకు ట్రేసింగు కాగితం కత్తిరించి పెట్టాను.

ఆ రాత్రి స్విచ్చి నేను వేయలేదు, నాన్నగారే వేశారు. డయలు పొడవునా పసుపు వెలుగు పరుచుకుంది. కళ్లజోడు సవరించుకుని, నెమ్మదిగా తిప్పి, 800 దాటాక ఆపారు. గరగర మధ్య నుంచి తెలుగు మాట వచ్చింది. “వచ్చిందిరా” అన్నారు, అంతే.

నాన్నగారు 2019లో వెళ్లిపోయారు. ఆ బల్బుల్లో ఒక్కటే పోయింది, మార్చాను.

మిత్రులకు నా మనవి ఒక్కటే. ఇంట్లో పెద్దవారు ఏదైనా మానేస్తే, “వయసు” అని ఖాతా మూసేయకండి. ఒకసారి అడగండి. కొన్నిసార్లు కావలసింది 8 వోల్టుల బల్బే కావచ్చు.

వచ్చే సంచికలో కుట్టు మిషను బెల్టు గురించి.