కట్ట కింద మనమే ఉన్నాం

2021 నవంబరు 19, కార్తీక పున్నమి. తెల్లారేసరికి చెయ్యేటి మీద అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట లేదు. పైనున్న పింఛా కట్ట ముందే తెగింది. ఆ నీళ్ళూ ఈ నీళ్ళూ కలిసి ఊళ్ళ మీద పడ్డాయి. పులపత్తూరు, మందపల్లి, తొగూరుపేట, గుండ్లూరు. అంతకుముందు ఈ పేర్లు మన వైపే చాలామందికి తెలియవు. ముప్పై మందికి పైగా పోయారు. గొడ్డూ గోదా లెక్కే లేదు. ఆ వారంలో మేము బియ్యం, దుప్పట్లు ఎత్తుకుని పోయాం. పొలాలుండాల్సిన చోట ఇసుక మేటలు. మీ ఇల్లేదమ్మా అంటే గాలిలో చెయ్యి తిప్పి చూపించారు.

అయిపోయిన కథ ఇప్పుడెందుకు సార్ అని మా సంఘం పిల్లలే అడిగారు. ఎందుకో చెప్తాం.

అన్నమయ్య ప్రాజెక్టుకు ఉన్నవే 5 గేట్లు. అందులో ఒకటి ఆ రాత్రి లేవలేదు. ఈ మాట మేము పుట్టించింది కాదు. 2021 డిసెంబరు 2న రాజ్యసభలో అప్పటి కేంద్ర జలశక్తి మంత్రి గజేంద్ర సింగ్ షెకావత్ చెప్పిందే. ముందటేడు నివర్ తుపానుకే ఆ గేటు చెడిందని పత్రికలు రాశాయి. రాష్ట్ర ప్రభుత్వం వేరే లెక్క చెప్పింది. ప్రాజెక్టు వదలగలిగింది 2 లక్షల 17 వేల క్యూసెక్కులు, వచ్చింది 3 లక్షల 20 వేలు, కాబట్టి ఇది ప్రకృతి చేసిన పని అంది. సరే, రెండూ నిజమే అనుకుందాం. అయిదు తలుపుల ఇంట్లో ఒక తలుపు బిగుసుకుపోయి ఉంది. బాగు చేయించలేదు. ఇల్లు అంటుకుంది. మంట మరీ పెద్దది కాబట్టి చచ్చారంటే ఒప్పుకుంటామా?

మట్టికట్ట గుణం సేద్యం చేసేవాళ్ళకు చెప్పనక్కర్లేదు. రాతికట్ట మీదుగా నీళ్ళు పొర్లినా కొంతసేపు ఓర్చుకుంటుంది. మట్టికట్ట ఓర్వదు. నెత్తి మీంచి దిగిన నీళ్ళు వెనక వాలును కోస్తాయి, ఆ కోత వెనక్కి నడిచి నడిచి నెత్తికి చేరుతుంది, ఇంక ఎవరి తరమూ కాదు. అందుకే మట్టికట్టకు ప్రాణం మరవలోనూ గేట్లలోనూ ఉంటుంది. గేటంటే వట్టి ఇనుప పలకేనా? దాన్ని లేపే రోపు, రోపుకు గ్రీసు, మోటారు, కరెంటు పోతే జనరేటరు, దాంట్లో డీజిలు, అర్ధరాత్రి వానలో పోయి స్విచ్చు వేసే మనిషి. ఇందులో ఏ ఒక్కటి లేకున్నా గేటు లేనట్టే లెక్క.

2022 జూలైలో కడెం ప్రాజెక్టు 18 గేట్లలో 17 లేచాయి, ఒకటి మొండికేసింది. వరద తగ్గబట్టి కట్ట నిలిచింది. 2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర 19వ గేటు గొలుసు తెగి కొట్టుకుపోయింది. అనంతపురం జిల్లా గొంతు తడిపే డ్యాము అది. వారం రోజులు నీళ్ళు ఏటి పాలయ్యాయి. పారే నీటికి అడ్డంగా పలకలు దించడానికి రిటైరైన ఇంజనీరు కన్నయ్యనాయుడును పిలిపించుకోవాల్సి వచ్చింది. మూడు రాష్ట్రాలు పంచుకునే డ్యాముకు గేటు మర్మం తెలిసిన మనిషి రిటైరైనవాళ్ళలో దొరికాడు! కొలువులు నింపకపోతే ఇట్లనే ఉంటుంది.

ఇంక మా సంగతి. మా ఊరి పైన ఉన్న కట్ట వీటి ముందర పిల్లది. చుట్టుపక్కల ఊళ్ళ కొళాయిలకు నీళ్ళు మటుకు దాన్నుంచే. ఈ ఎండాకాలం మాలపల్లె, మాదిగపల్లె కలిసి పదిమందిమి కట్ట ఆ కొస నుంచి ఈ కొస దాకా నడిచాం. కంపచెట్లు కట్టలోకి వేర్లు దించాయి. పందికొక్కుల బొక్కల్లో చెయ్యి పెడితే మోచేతి దాకా పోయింది. తూము తలుపు మర తుప్పు పట్టి తిరగలేదు. ఇవన్నీ పైనుంచి కనబడేవే, అర్జీల్లో ఎన్నోసార్లు రాసినవే. కనబడనిది ఇంకొకటి ఉంది. కట్ట వెనక కాలి దగ్గర ఒకచోట నడి ఎండాకాలంలో గూడా తడి ఆరదు. మా ఆడవాళ్ళు అక్కడ గుంత తీసుకుని బట్టలు ఉతుక్కుంటారు. ఒక అవ్వ అంది: "నేను కాపురానికొచ్చిన కాన్నుంచి ఈ జల తేటగా ఉండ్య. పోయిన వానలకు ఎర్రగా వచ్చింది నాయనా."

మాకు ఒళ్ళు ఝల్లుమంది. మట్టికట్టకు కొంచెం ఊట సహజం. తేటగా వచ్చినంత కాలం భయం తక్కువ. ఊట మట్టిని మోసుకొస్తుందంటే కట్ట కడుపులో దారి పడుతోందని అర్థం. ఇంజనీరింగు పుస్తకాల్లో రాసి ఉన్న ఈ ముక్కను బడి మొహం చూడని అవ్వ చూసి పట్టుకుంది. ఏ రిజిస్టరుకూ ఎక్కలేదు. తనిఖీకొచ్చే జీపు కట్ట నెత్తి మీదే తిరిగి వెళ్ళిపోతుంది. కాలి దగ్గరికి దిగాలంటే మా ఇండ్ల సందుల్లోంచి రావాలి గదా!

ఇండ్లు అక్కడికి ఎట్లా వచ్చాయి? ఊరు మెరక మీద ఉంది, పల్లె పల్లంలో ఉంది, అది తాతల నాటి సంగతి. స్వరాజ్యం వచ్చినాక ఇచ్చిన ఇంటి పట్టాలూ అక్కడే ఇచ్చారు. మెరక భూమి కొని ఇమ్మంటే అమ్మేవాడు లేడన్నారు. మిగిలింది చెరువు పోరంబోకు, వంక పోరంబోకు. పట్టా కాగితం చేతికొచ్చిన రోజున మేమూ సంబరపడ్డాం, దండలు వేశాం, దాచుకోవడమెందుకు? కొళాయి నీళ్ళు వచ్చేటప్పుడు మా పల్లె వంతు చివర. కట్ట తెగితే మా పల్లె వంతు మొదట.

చాలా ఊళ్ళల్లో చెరువు తూము తీసే నీరుగంటి మన మనిషే. వానా కాలం రాత్రుళ్ళు కట్ట మీదే పడుకునేవాడు. నీటి చప్పుడు మారితే లేచేవాడు. గండి పడితే ముందు దిగింది అతనే. కళ్ళంలో మేర అని నాలుగు మానికల గింజలు పోసేవాళ్ళు. ఆ చెరువులోనే కడవ ముంచుకోవడానికి మాత్రం పనికిరాడు. ఆ వెట్టి పోయింది, పోవాల్సిందే. దాని చోట జీతం, సెలవు, పెన్షను ఉన్న లస్కరు ఉద్యోగం నిలవాలి గదా. మా కట్ట లస్కరు రిటైరైనాక ఆ కొలువులోకి మనిషి రాలేదు. పక్క కట్ట చూసుకునేవాడికే దీన్నీ అప్పజెప్పారు. వాన ఒక కట్ట మీదే కురవదు.

మన ఉద్యమానికి నీళ్ళు కొత్త కాదు. 1927 మార్చి 20న మహద్‌లో బాబాసాహెబ్ చౌదారు చెరువు నీళ్ళు దోసిట పట్టాడు. 1985 జూలై 17న కారంచేడులో ఆరుగురు మాదిగలను చంపిన కథ మొదలైంది తాగే చెరువు నీళ్ళను గేదెల కుడితి బకెట్టుతో పాడు చేయొద్దన్నందుకే. ముట్టుకునే హక్కు కోసం, తాగే హక్కు కోసం కొట్లాడాం. ఆ నీళ్ళను నిలబెట్టే కట్ట గురించి మాత్రం మేము ఒక్క తీర్మానం చేయలేదు. పాత మినిట్సు పుస్తకాలు తిరగేసి చూసుకున్నాం, లేదు. అది ఇంజనీర్ల పని, కాంట్రాక్టర్ల పని అనుకున్నాం. చెయ్యేరు వచ్చి చెప్పేదాకా మా తప్పు మాకు తెలియలేదు.

చట్టం లేదా అంటే ఉంది. కట్ట తెగిన పదమూడు రోజులకు రాజ్యసభ ఆమోదించిన డ్యాముల భద్రత చట్టం 2021 డిసెంబరు 30 నుంచి అమల్లోకి వచ్చింది. ఏటా వానలకు ముందొకసారి, వానలు వెనకబట్టినాక ఒకసారి తనిఖీ చేయాలంటుంది. ఆపద వస్తే ఎవరికి ఎట్లా చెప్పాలి, ఎటు తరలించాలి అనే ప్రణాళిక అయిదేళ్ళలోగా రాసి పెట్టాలంటుంది. మంచి మాటలే. ఆ ప్రణాళిక ఇంగ్లీషులో రాసి బీరువాలో పెడితే మన అవ్వకు ఏం ఒరిగింది? ఇంకో మెలిక ఉంది. ఆ చట్టం పెద్ద డ్యాములకే. 15 మీటర్ల పైన ఎత్తుండాలి, లేదా 10 మీటర్లు దాటి, చట్టం పెట్టిన షరతుల్లో ఏదో ఒకదానికి తూగాలి. మా కట్ట లాంటివి, పల్లెల నెత్తిన ఉన్న వేల చెరువు కట్టలు, అందులోకి రావు. చిన్న కట్ట తెగితే చిన్న చావు చస్తామా? ఇక పెద్దదాని గతి చూడండి. అన్నమయ్య కట్ట మూడేళ్ళు గడిచినా మళ్ళీ లేవలేదు.

అందుకని మేము చేసింది ఇది. చివరి తనిఖీ కాగితాల నకలు ఇమ్మని సమాచార హక్కు కింద అడిగాం. తెల్లకార్డు ఉన్నవాళ్ళ పేరున అడిగితే ఫీజు లేదు, మిగతా పల్లెలవాళ్ళు గుర్తుంచుకోండి. వానలకు ముందు తూము తలుపును జనం ముందర ఎత్తి దించి చూపించమని, ఎర్రనీళ్ళ జాగాను ఇంజనీరు వచ్చి కళ్ళారా చూడాలని, లస్కరును వేయాలని గ్రామసభలో రాయించాం. సర్పంచి సంతకం పెట్టడానికి రెండు పూటలు తిప్పుకున్నాడు.

ఇంకో పని బడిలో చేశాం. ఆదివారం పూట పిల్లలను కూచోబెట్టి నేల మీద సుద్దముక్కతో పల్లె గీయించాం. ఏ ఇంట్లో నడవలేని ముసలివాళ్ళున్నారు, ఏ ఇంట్లో బాలింత ఉంది, రాత్రిపూట కేకేస్తే ఎవరు ఎవరిని లేపాలి అన్నీ గుర్తులు పెట్టాం. మెరకకు పోయే దారి దగ్గరకొచ్చేసరికి ఆరో తరగతి పిల్ల సుద్దముక్క ఆపింది. ఉన్నది ఒకటే దారి, అదీ ఒక పెద్దాయన మామిడితోట గుండా. చుట్టూ ముళ్ళకంచె, గేటుకు తాళం. తాళంచెవి ఒకటి మా పల్లెలో ఉంచాలని పంచాయతీకి, తహశీల్దారుకు అర్జీ ఇచ్చాం. తోట కాయలు పోతాయని ఆయన అంటున్నాడట. వచ్చే పక్షానికి జవాబు వస్తే అచ్చేస్తాం, రాకపోతే అదీ అచ్చేస్తాం.